ఉత్తర తెలంగాణలో వాతావరణ మార్పు: బొగ్గు, ఎండ, వరద

భూమి వేడెక్కడానికి కారణమూ, దాని దెబ్బా పక్కపక్కనే కనిపించే చోటు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. గోదావరికి కుడివైపు రామగుండం, గోదావరిఖని. ఎడమవైపు శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. రెండు ఒడ్డులా సింగరేణి బొగ్గే. మే నెలలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్ల జాబితాలో తరచూ ఉండేవీ ఈ జిల్లాల ఊళ్లే. మనిషి వాతావరణాన్ని మార్చగలడా, మార్చినదాన్ని తట్టుకుని బతకగలడా అన్న ప్రశ్నలకు ఇక్కడ దొరికే జవాబులు చాలా స్పష్టంగా ఉంటాయి.

మొదటి ప్రశ్నపై శాస్త్రవేత్తల్లో సందేహం మిగల్లేదు. ఒక టన్ను కర్బనం పూర్తిగా కాలితే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండే ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. పెరిగిన కర్బనంలో అత్యధిక భాగం బొగ్గు, చమురు, సహజవాయువుల నుంచి వచ్చిందేనని దాని ఐసోటోపులు పట్టిస్తున్నాయి. 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉందని, ఇది మనుషుల వల్లనేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో తేల్చి చెప్పింది.

ఇందులో రామగుండం వాటా చిన్నదేమీ కాదు. అక్కడి ఎన్టీపీసీ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో మొదలైంది. 2004 నాటికి సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఒక యూనిట్ బొగ్గు కరెంటుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కేంద్రం తన సామర్థ్యంలో ముప్పాతిక మేర నడిచినా ఏడాదికి కోటిన్నర టన్నులు దాటుతుంది. దీని పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం లేచింది. అందులో 800 మెగావాట్ల తొలి యూనిట్‌ను 2023 అక్టోబరులో, రెండోదాన్ని 2024 మార్చిలో ప్రధాని జాతికి అంకితం చేశారు.

అదే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 జూలైలో మరో రకం విద్యుత్ కేంద్రం పూర్తయింది. సుమారు 500 ఎకరాల నీటిపై 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. వాటి నీడ వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని, 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అవుతుందని, 2.1 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని అంచనా. కోటిన్నర టన్నుల ముందు ఇది నూటికి ఒకటిన్నర పాలు కూడా కాదు. అయినా బొగ్గు కేంద్రం చెంతనే, దాని నీటి మీదే ఇది సాధ్యమైందన్నది తీసిపారేయదగ్గ సంగతి కాదు.

రెండో ప్రశ్నకు జవాబు ప్రాణాలతో ముడిపడింది. 2015 మేలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో కూలీలు, వృద్ధులే ఎక్కువ. హైదరాబాద్, కరాచీల లెక్కలు చూసిన పరిశోధకులు, అలాంటి ఉక్కపోత వేడి వచ్చే అవకాశాన్ని మానవ చర్యలు బాగా పెంచాయని తేల్చారు. వడదెబ్బ చావులు మాత్రం చాలావరకు ఆపగలిగినవే. ముందస్తు హెచ్చరిక, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చలివేంద్రాలు, ఉపాధి హామీ పని పొద్దున్నే ముగించడం: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రేకుల ఇంటి పైకప్పుకు తెల్ల సున్నం వేసినా లోపలి వేడి కొంత తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది.

వరద కథ వేరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా తేమ పట్టుకోగలదు, కురిస్తే కుండపోతే. 2022 జూలై 13న నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మిగిలిన 17 వదలగలిగింది 3 లక్షల క్యూసెక్కులే. నీళ్లు గేట్ల మీదుగా పొర్లాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించడం వల్ల జనం బతికారు. 1958లో ఒకసారి గండిపడిన ప్రాజెక్టు అది. ఏడాది తిరిగేసరికి, 2023 జూలైలో, మళ్లీ అదే భయం. అప్పుడూ కొన్ని గేట్లు మొరాయించాయి. వాన ఎంత కురవాలో కడెం ప్రజల చేతిలో లేదు. గేటుకు గ్రీజు పెట్టడం, మోటారు మరమ్మతు చేయించడం మాత్రం ప్రభుత్వం చేతిలోని పనే.

మనిషి ప్రభావం చూపే వేగంలోనూ తేడా ఉంది. హెచ్చరికలు, గేట్ల మరమ్మతులు ఒక్క సీజన్‌లోనే ఫలితమిస్తాయి. పొగ తగ్గించడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ ప్రపంచమంతా కలిసి చేస్తేనే. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల రామగుండం-బి థర్మల్ కేంద్రం 2024లో, అంటే అర్ధ శతాబ్దం దాటాక మూతపడింది. దాని స్థానంలో 800 మెగావాట్ల బొగ్గు కేంద్రం ప్రతిపాదన ఉంది. అది కూడా అన్నేళ్లూ నడిస్తే, నికర ఉద్గారాలను సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో భారత్ ప్రకటించిన 2070 గడువు దాటిపోతుంది.