చెరకు సారా – మోటారు ఇంధనం

1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. నాటి నుండి 1911 వరకు గిరిమిట్టుపై నేటాలుకు వచ్చిన 1,52,000 మందిలో మన ఆంధ్రులు అనేకులు. వారు నరికిన చెరకు నుండి పంచదార వచ్చిందని మనకందరికీ తెలుసు. ఆ చెరకే మోటారు కార్లను నడిపిందని మనలో ఎందరికి తెలుసు?

పంచదార తీయగా మిగిలిన నల్లని మడ్డిని పులియబెట్టి కాచితే సారా దిగుతుంది. నేడు ఇథనాల్ అనే ఇంధనం అదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో డర్బన్ సమీపాన మెరీబ్యాంకులో ఈ సారాతో ‘నేటాలైట్’ అనే ఇంధనం తయారు చేశారు. వట్టి సారా పోస్తే చల్లని ఉదయాన ఇంజను అందుకోదు. అందుచేత సులువుగా ఆవిరయ్యే ఈథరును కలిపారు. మండేటప్పుడు పుట్టే ఆమ్లాలు లోహాన్ని తినివేయకుండా కొంచెం అమ్మోనియా చేర్చారు. సారాకు, ఇనుముకు పొత్తు కుదర్చడమెలా అన్న ప్రశ్న ఆనాటిదేనన్నమాట!

ఈ చిక్కులు సారా గుణాల వల్లనే వస్తాయి. అది నీటిని పీల్చుకొంటుంది. నీరు ఎక్కువైతే సారాతో కలిసి ట్యాంకు అడుగున వేరుగా నిలిచి తుప్పు పట్టిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, బెండు బిళ్ళలు దాని వల్ల ఉబ్బి చెడిపోతాయి. ట్యాంకులోని పాత జిడ్డు కరిగి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. పైగా లీటరు సారాలోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కొత్త కార్లలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు తేడాను కనిపెట్టి ఇంధనం సరిచేయిస్తుంది. పాత కార్బురేటరుకు ఆ తెలివి లేదు.

బ్రెజిలు దేశం 1975లో చెరకు సారా పథకం ప్రారంభించి, 1979లో వట్టి సారాతో నడిచే కార్లను రోడ్డెక్కించింది. అందుకు తగిన లోహపు పూతలు కూడా వేయించింది. పెట్రోలులో 2 నుండి 10 శాతం వరకు ఇథనాల్ కలపడానికి దక్షిణాఫ్రికా 2012లో నియమాలు చేసింది. భారతదేశంలో 2023 నుండి 20 శాతం మిశ్రమం బంకులకు వచ్చింది.

కనుక మన ఇళ్ళలో నాన్నలనాటి కారు ఉంటే, మిశ్రమ ఇంధనం పోయకముందే గొట్టాలు, బిళ్ళలు మార్పించుకొందాము. నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉంచకుందాము.

చెరకు నరికిన మన పెద్దలలో కారెక్కినవారు ఎందరు? మిల్లుల గురించి, మడ్డి గురించి వారు చెప్పగా మనం విన్న మాటలను మన బిడ్డల కోసం వ్రాసిపెడదాము.