సినిమా శబ్దానికీ మూలప్రతి కావాలి

పాత సినిమాను కాపాడటం అనగానే మనకు బొమ్మే గుర్తుకొస్తుంది. గీతలు పడ్డ నెగటివ్‌ను శుభ్రం చేస్తారు, వెలిసిపోయిన రంగులు తిరిగి తెస్తారు, ఒక్కో ఫ్రేమునూ ఓపిగ్గా దిద్దుతారు. శబ్దం దగ్గరికి వచ్చేసరికి ఈ శ్రద్ధ తలకిందులవుతుంది. ఒకే చానల్ ఉన్న పాత మోనో ట్రాకును నేటి థియేటర్లకు తగ్గట్టు ఆరు చానళ్లకు పరుస్తారు, పేలవంగా తోచిన చప్పుళ్లు తీసేసి కొత్తవి పెడతారు, దాన్నీ పునరుద్ధరణే అంటారు. హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వర్టిగో’ను 1996లో బాగుచేసినప్పుడు అడుగుల చప్పుడు, తుపాకి మోత వంటివి కొత్తగా రికార్డు చేశారు. 1975 నాటి ‘జాస్’ ఉత్తమ శబ్దానికి ఆస్కార్ గెలుచుకుంది. 2000లో వచ్చిన డీవీడీలో మాత్రం ఆ బహుమతి తెచ్చిన మోనో ట్రాకు లేదు, కొత్త మిక్సింగే ఉంది. మన ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకుని వచ్చినప్పుడు శబ్దం కూడా డీటీఎస్‌కు మారింది. మరి మొదటి ప్రేక్షకులు విన్న శబ్దం ఎక్కడ మిగిలింది? చాలాసార్లు వీడియో టేపుల్లో మిగిలింది. అక్కడినుంచి దాన్ని పైకి తీసినవాళ్లలో ముందున్నది అభిమానులే. వాళ్లు చేసింది కాలక్షేపం అనుకుంటే పొరపాటు. సినిమా చరిత్రకు మూలప్రతులు సమకూర్చే పని అది.

‘స్టార్ వార్స్’ సంగతి చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1977 మే 25న విడుదలైన ఈ సినిమాకు ఒకే శబ్దం లేదు, మూడున్నాయి. 70 ఎం.ఎం. థియేటర్లకు ఆరు ట్రాకుల మిక్సింగ్, 35 ఎం.ఎం.లో డాల్బీ స్టీరియో, మామూలు థియేటర్లకు మోనో. మోనో అన్నిటికన్నా చివర తయారైంది కనుక అందులో మరికొన్ని దిద్దుబాట్లు చేరాయి. కథానాయకుడి పిన్నమ్మ బేరు గొంతు స్టీరియోలో ఒకరిది, మోనోలో మరొకరిది. అంతరిక్ష నౌకను పట్టి ఉంచిన కిరణాన్ని ఎలా ఆపాలో రోబో సీ-త్రీపీఓ వివరించే మాట మోనోలో వినిపిస్తుంది, స్టీరియోలో లేదు. తలుపులు మూసెయ్యమని సైనికుడు అరిచే మాటా అంతే. ఆ తర్వాత 1985లో వీడియో కోసం, 1993లో లేజర్‌డిస్క్ కోసం, 1997లో స్పెషల్ ఎడిషన్ కోసం మళ్లీ మళ్లీ మిక్సింగ్ మారుతూ వచ్చింది. ఎన్నో ఊళ్లలో జనం విన్న ఆ మోనో మాత్రం క్యాసెట్‌గా గానీ డిస్కుగా గానీ అధికారికంగా రాలేదు. టీవీలో వచ్చినప్పుడు ఇళ్లలో రికార్డు చేసుకున్న టేపుల ఆధారంగానే అభిమానులు దాన్ని మళ్లీ కూర్చారు.

టేపులోంచి శబ్దం తీయడం మీట నొక్కినంత తేలిక కాదు. వీహెచ్‌ఎస్ టేపులో శబ్దానికి రెండు దారులుంటాయి. మొదటిది టేపు అంచున సాగే సన్నని ట్రాకు. ఆడియో క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిస్తే, మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీడియో టేపు 2.34 సెంటీమీటర్లే నడుస్తుంది. అందుకే అందులో పదునైన శబ్దాలు మొద్దుబారి, వెనక బుస వినిపిస్తుంది. రెండోది 1980ల మధ్యకు వచ్చిన హై-ఫై. తిరిగే డ్రమ్ము మీది హెడ్లు దీన్ని బొమ్మ కింది పొరలో రాస్తాయి. బాగా నడిస్తే నాణ్యత సీడీకి దగ్గరగా ఉంటుంది. రెండు ట్రాకుల్లో ఇమిడ్చిన డాల్బీ స్టీరియో తాలూకు నాలుగు చానళ్లూ ఇందులో చెక్కుచెదరవు. హెడ్లు టేపు జాడను సరిగా పట్టుకోకపోతే మాత్రం గుర్రుమనే రొద పుడుతుంది. పాల్ టేపుతో ఇంకో చిక్కుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా నడిపిస్తారు కనుక శబ్దం వేగం నాలుగు శాతం పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. దాన్ని మళ్లీ కిందికి దించాలి. రీళ్లు మారే చోట పోయిన ఫ్రేములు, టీవీవాళ్లు కత్తిరించిన సీన్లు గుర్తించి ఆ ఖాళీలను మరో టేపునుంచి పూరించాలి.

ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, పాఠాంతరాలు గుర్తించి 1829లో అచ్చు వేయించాడు. ఏ ఒక్క ప్రతీ నిర్దోషం కాకపోయినా, అన్నీ కలిస్తే పాఠం తేలింది. అభిమానులు టేపులతో చేస్తున్నదీ పాఠపరిష్కరణే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. సినిమా తీసినవాడికి దాన్ని మార్చే హక్కు లేదా అనేది మొదటి ప్రశ్న. ఉంది. కొత్త రూపం రావచ్చు, పాతది మాయం కాకూడదు. పాత సినిమాల రూపం మార్చడాన్ని ఖండిస్తూ 1988లో అమెరికా కాంగ్రెస్ ముందు మాట్లాడినవాళ్లలో ‘స్టార్ వార్స్’ తీసిన జార్జ్ లూకస్ కూడా ఒకరు; మరుసటి ఏడే ఆ సినిమా ఆ దేశపు నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ తొలి జాబితాలో చేరింది. ఆయన ఆనాటి వాదన ఆయన సినిమాకూ వర్తిస్తుంది. రెండోది కాపీరైటు. ఇది నిజమైన చిక్కే; పునరుద్ధరణ పేరుతో అమ్ముకోవడాన్ని సమర్థించలేం. అయితే మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. టేపు అంతకాలం నిలుస్తుందని నమ్మలేం. గడువు తీరేదాకా ఎవరూ ముట్టుకోకపోతే, తీరేనాటికి ముట్టుకోవడానికి ఏమీ మిగలదు. మూడోది, పలు టేపులు అతికిన శబ్దం అసలుది ఎలా అవుతుందన్న సందేహం. ఏ ముక్క ఎక్కడినుంచి తెచ్చారో రాసిపెడితే తర్వాతివాళ్లు సరిచూసుకుంటారు. రాయకపోతే ఆ విమర్శ న్యాయమే. ఔత్సాహికుల పని సంస్థలకు పనికిరాదనే మాటకు బీబీసీయే జవాబు. 1960ల టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు ఎన్నో అది చెరిపేసుకుంది. ప్రేక్షకులు ఇళ్లలో రికార్డు చేసుకున్నందువల్ల అన్నిటి శబ్దమూ మిగిలింది. 2016లో ఆ సీరియల్‌లోని ‘ద పవర్ ఆఫ్ ద డాలెక్స్’ కథకు యానిమేషన్ చేసినప్పుడు బీబీసీ వాడుకున్నది ఆ రికార్డింగులనే.

మనకు ఈ పని అవసరం ఇంకా ఎక్కువ. మన రికార్డులూ క్యాసెట్లూ పాటలకే పరిమితమయ్యాయి; నేపథ్య సంగీతం చాలావరకు సినిమాలో తప్ప మరెక్కడా దొరకదు. ఇళయరాజా నేపథ్య సంగీతాన్ని అభిమానులు టేపులనుంచి, వీసీడీలనుంచి ఏరుకోవలసి వచ్చింది అందుకే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే మనకు మిగల్లేదు, ఇక దాని శబ్దం మాట చెప్పేదేముంది? చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఉన్న యంత్రాలు అరుగుతున్నాయి, బాగుచేసేవాళ్లు తగ్గుతున్నారు. మీ అటక మీద పాత వీడియో టేపులుంటే పారేయకండి. పని తెలిసినవాళ్ల చేత డిజిటల్ చేయించండి. హై-ఫై ఉంటే రెండు ట్రాకులూ విడివిడిగా తీయించండి, రొద తొలగించని ప్రతిని ఒకటి అలాగే ఉంచండి. టేపు ఎప్పటిదో, టీవీలో పట్టిందో కొన్నదో ఒక కాగితం మీద రాసి దానితోపాటే భద్రపరచండి.