సాక్ష్యం

కోర్టులో వినిపించే ఈ మాట తెలుగు క్రైస్తవుల ఇళ్లలో నిత్యం వాడుకలో ఉంది. ‘సాక్షి’ సంస్కృత పదం. స్వయంగా చూసినవాడు సాక్షి అని పాణిని చెప్పాడు. గ్రీకు కొత్త నిబంధనలో దీనికి సరిపోయే మాట ‘మార్తుస్’. అదీ న్యాయస్థానపు మాటే. తర్వాత విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకు ఆ పేరు స్థిరపడింది. తెలుగులో వాళ్లను ‘హతసాక్షులు’ అంటారు. స్తెఫనును సంఘం తొలి హతసాక్షిగా తలచుకుంటుంది.

‘సాక్ష్యం చెప్పడం’ అంటే ప్రార్థన కూటంలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకోవడం. ‘సాక్ష్యం కాపాడుకో’ అని పెద్దలు అంటే నడవడి జాగ్రత్త అని. ‘మంచి సాక్ష్యమున్న కుటుంబం’ అంటే ఊళ్లో మంచి పేరున్న కుటుంబం.

పక్కింటివాళ్లతో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లతో విశ్వాసం పంచుకోవాలనుకునేవారికి ఈ మాటే దారి చూపుతుంది. వాదించడం వకీలు పని, తీర్పు చెప్పడం జడ్జి పని. సాక్షి తాను ఎరిగినది చెప్తాడు. యోహాను సువార్తలో చూపు పొందిన పుట్టుగుడ్డి, పరిసయ్యులు గుచ్చి గుచ్చి అడిగినా తనకు జరిగినదే చెప్పాడు. మనమూ అంతే నిజాయితీగా చెప్పాలి, ఎదుటివారి మాటా అంతే ఓర్పుగా వినాలి. నడవడి తోడైతేనే ఆ సాక్ష్యం నిలుస్తుంది.