ఫ్రీసివ్-వెబ్
ఫ్రీసివ్-వెబ్ అనేది బ్రౌజర్‌లోనే వంతులవారీగా ఆడదగిన ఓపెన్‌సోర్స్ వ్యూహక్రీడ. ఇందులో ఆటగాడు క్రీ.పూ. 4000 నాటి చిన్న జనసమూహంతో మొదలుపెట్టి నగరాలను, విజ్ఞానాన్ని, సైన్యాన్ని పెంచుతూ సామ్రాజ్యాన్ని నిర్మిస్తాడు. దీనికి మూలమైన ఫ్రీసివ్‌ను, 1991లో వెలువడిన సివిలైజేషన్ స్ఫూర్తితో, డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు 1995లో ప్రారంభించారు. సర్వర్ సీ భాషలో, బ్రౌజర్ భాగం జావాస్క్రిప్ట్‌లో, రెంటి నడుమ సందేశాలను చేరవేసే ప్రాక్సీ పైథాన్‌లో రూపొందాయి.

ఆట నియమాలు రూల్‌సెట్ అనే సాదా పాఠ్య ఫైళ్లలో ఉండడం దీని ప్రధాన బలం; ఒక సైనిక దళం ఖరీదు మార్చాలంటే ఆ ఫైలులో ఒక అంకెను దిద్దితే చాలు, ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయనక్కరలేదు. నియమాలను ఇలా విడిగా ఉంచే పద్ధతి, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో తెలిసిన, 3 పులులు, 15 మేకలతో 23 కూడళ్లపై సాగే పులి-మేక వంటి ఆటలను బ్రౌజర్‌లోకి తేవడానికీ ఎంతో అనువైనది.

ఈ ప్రాజెక్టులో పాలుపంచుకోవాలనుకునే ప్రోగ్రామింగ్ రానివారికి అనువాదమే సులభ ప్రవేశమార్గం. అనువాదాలకు వాడే గెట్‌టెక్స్ట్ ఫైలులో ఆంగ్లవాక్యం కింద తెలుగువాక్యం చేరుస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక పేర్లకు, సంఖ్యలకు కేటాయించిన సూచికల వరుసను జాగ్రత్తగా సరిచూడాలి. ఫ్రీసివ్-వెబ్‌కు ఏజీపీఎల్ లైసెన్సు వర్తిస్తుంది. దాని ప్రకారం, మార్చిన ఆటను సర్వర్‌పై నడిపేవారు దాని మూలసంకేతాన్ని ఆటగాళ్లకు అందుబాటులో ఉంచాలి.