చెట్టును తినని వృక్షాదని

మన మామిడితోటలలో ముదురుకొమ్మలను వేళ్లతో చుట్టుకొని, మట్టి తగులకయే పెరుగు మొక్క యొకటి కలదు. దాని యాకులు దళసరివి; పూలు పసుపు గోధుమవన్నెల గళ్లతో, ఊదావన్నె నాలుకతో నుండును. దీనిని బదనిక యనువారును గలరు. సంస్కృతమున చెట్లపై మొలచు మొక్కకు వంద యని పేరు. అమరకోశము వందకు వృక్షాదని యను పర్యాయము చెప్పినది; చెట్టును దినునది యని యర్థము. కొమ్మలోనికి వేరు దించి రసము పీల్చు నిజమైన బదనికకు ఆ పేరు తగును. ఈ మొక్క యట్టిది కాదు. చెట్టుపై కూర్చుండునే గాని దాని సొమ్ము గవ్వయైన ముట్టదు. వేళ్లమీది బెండువంటి తెల్లనిపొర వాననీటిని, మంచును పీల్చుకొనును. బెరడుపై చివికిన యాకులే దానికి ఎరువు.

సామర్లకోటలో నుండి మన మొక్కలను పరిశోధించిన కంపెనీవారి వైద్యుడు విలియము రాక్స్‌బరో దీనిని దేశీయ చిత్రకారులచే వ్రాయించి, 1795లో లండనున వెలువడిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున చేర్చెను. అతడు పెట్టిన పేరు ఎపిడెండ్రము. చెట్టుమీదిది యని మాత్రమే యర్థము. నా మట్టుకు ఈ పేరే న్యాయమైనది. ఆ యేడే విలియము జోన్సు వ్యాసమున వంద పేరు వెలువడెను. అతడంతకు ముందేడు గతించియుండెను. తుదకు శాస్త్రజ్ఞులు వాండా టెస్సెల్లాటా యని స్థిరపరచిరి.

పేరులోని పొరపాటు పెంపకమునను పట్టుకొనెను. ఇట్టి మొక్కలు పరాన్నభుక్కులని తలచి, ఇంగ్లండు తోటవారు పుచ్చిన కట్టెలలో నాటిరి. కుండలలో మట్టినింపి పాతిరి. గాలి చొరని గాజుటిండ్లలో ఉడికించిరి. ఓడలలో వేలమైళ్లు వచ్చి బ్రదికినవి అక్కడ కుళ్లి చచ్చెను. జోసెఫు బ్యాంక్సు నాచు పరచిన వెదురుబుట్టవంటి అల్లికబుట్టలలో పెట్టి కొంత మేలు కనెను. 1830 తరువాత చాట్స్‌వర్తున జోసెఫు పాక్స్‌టను వేడి తగ్గించి, నేల తడిపి, గాలిని రానిచ్చెను. అప్పుడు గాని అవి నిలువలేదు.

మనకు గాజుటిల్లక్కరలేదు. ఎడమెడముగా కొట్టిన చెక్కబుట్టలో బొగ్గు, ఇటుకముక్కలు వేసి, ఉదయపుటెండ తగులు వసారాలో వ్రేలాడగట్టిన చాలును. నీరు చల్లగానే వేళ్లు పచ్చనగును. మరల తెల్లబడినపుడు చల్లవలెను. మట్టి వేయరాదు. కొమ్మనుండి పెరికిన వేళ్లు తెగును గనుక, గాలివానకు విరిగిపడిన కొమ్మమీది మొక్కనే, బెరడుతో సహా, తెచ్చుకొనుడు.