మాస్కు అడిగిన డాక్టరు

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు కె. సుధాకర్ ఒక మాట బయటపెట్టారు. ఎన్-95 మాస్కులు, పీపీఈ కిట్లు సరిపడా లేవు, ఒకే మాస్కు పదిహేను రోజులు వాడమంటున్నారని. ప్రభుత్వం ఆయన్ని సస్పెండ్ చేసింది.

మాస్కులున్నాయా లేవా? జవాబు స్టోరు రిజిస్టరులో ఉంటుంది. కానీ విచారణంతా చెప్పిన మనిషి మీదికి మళ్లింది. మే 16న విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టారు. తాగి గొడవ చేశాడన్నారు, మానసిక ఆసుపత్రికి పంపారు. ప్రభుత్వ నివేదికలో ఆయన ఒంటి మీద ఒక్క గాయం, న్యాయాధికారి నివేదికలో ఆరు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మే 21న గుండెపోటుతో ఆయన చనిపోయారు.

సుధాకర్ దళితుడు. అడిగినోడికి పిచ్చి అంటగట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. చదువు, ఉద్యోగం ఆ కట్టుతాళ్లని తెంచుతాయనుకున్నాం. తెంచలేదు.

తప్పు బయటపెట్టినవాళ్లకి రక్షణ చట్టం 2014లోనే చేశారు, ఆయన మాట్లాడేనాటికి అమల్లోకే రాలేదు. డాక్టరుకే దిక్కులేకపోతే శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే మన అక్కచెల్లెళ్లు గ్లౌజులు లేవని ఎవరితో చెప్పాలి? ఒంటరిగా చెబితే సస్పెన్షను. అందుకే ఆ మాట సంఘం నోట, సంతకాలతో, కాగితం మీద రావాలంటున్నాం. మనం రాసి పెట్టకపోతే ఆరు గాయాలూ ఒక్కటిగానే మిగులుతాయి.