ముప్పావలా అప్పు ఊరు చేరిన దారి



అప్పు అనే మాట వినగానే మనకు షావుకారు గుర్తుకు వస్తాడు. శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు ప్రాంతాలలో స్వర్ణముఖి ఊటకాలువల కింద, చెరువుల కింద కొంత వరి పండుతుంది. తక్కిన మెట్ట వాన దయమీద ఆధారపడి ఉన్నది. చిత్త, స్వాతి కార్తెలలో వాన తప్పితే చెరువు నిండదు, చేను పండదు. అప్పుడు విత్తనానికైనా, మందుకైనా, బిడ్డ పెండ్లికైనా అప్పే దిక్కు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ మన పల్లెల్లో కొత్త మాట కాదు. ఏడాదికి లెక్కవేయండి, నూటికి 36 రూపాయలు అవుతుంది.

ఇప్పుడు ఇంకొక అప్పు సంగతి చెప్పుతాను. అది మన దేశమే తీసుకున్న అప్పు. దానికి వడ్డీ లేదు. సేవా రుసుము అనే పేరుతో నూటికి ఏడాదికి 75 పైసలు, అంటే ముప్పావలా మాత్రమే కట్టవలెను. మొదటి 10 ఏండ్లు అసలు కట్టనక్కరలేదు. మొత్తం 35 ఏండ్లలో తీర్చవచ్చును. మన 36 రూపాయలెక్కడ, ఈ ముప్పావలా ఎక్కడ? 48 రెట్ల తేడా! మరి అంత చవుకగా వచ్చిన సొమ్ము ఊరు చేరేసరికి ఏమవుతున్నది? ఎవరి చేతికి అందుతున్నది? పేదవాని ఇంట దీపం వెలిగించినదా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు కావలెనంటే కొంచెం వెనుకటి చరిత్ర చూడవలెను.

రెండవ ప్రపంచయుద్ధం ముగియవస్తున్న రోజులలో, 1944 జూలైలో, అమెరికాలోని బ్రెట్టన్ వుడ్స్ అనే చోట 44 దేశాల ప్రతినిధులు కూడి ప్రపంచబ్యాంకుకు పునాది వేశారు. మన దేశం అప్పటికి స్వతంత్రం కాకపోయినా ఆ సభలో పాల్గొన్నది. మనకు ఆ బ్యాంకు ఇచ్చిన మొదటి అప్పు 1949లో, రైళ్లకోసం. అదే సంవత్సరం రెండవ అప్పు వచ్చినది. ఇది వ్యవసాయానికి సంబంధించినది. మధ్య భారతంలో రెల్లుగడ్డి అల్లుకుని పాడుపడిన భూములను లోతుగా దున్నడానికి ట్రాక్టర్లు కొన్నారు. కాని ఆ అప్పులకు వడ్డీ బజారు ధరకు దగ్గరగా ఉండేది. బీదదేశాలు అంత భారం మోయలేవని 1960లో అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ అనే శాఖను పెట్టారు. ముప్పావలా అప్పు ఇచ్చేది ఈ సంస్థే. దాని సొమ్ము ఎక్కువగా తీసుకున్న దేశాలలో మనది చాలాకాలం మొదటిది.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ఆరంభమైనది. దానికి అమెరికా ప్రభుత్వమూ, ఫోర్డ్ ఫౌండేషనూ కొంత సాయం చేశాయి. గ్రామసేవకులు వచ్చారు, మేలురకం విత్తనాలు వచ్చాయి, బావులు తవ్వారు. అయితే 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం ఈ పథకాన్ని పరిశీలించి ఒక లోపం ఎత్తి చూపినది. పని ప్రభుత్వానిదన్నట్టు జరుగుతున్నదే గాని, ప్రజలు అది తమదని పట్టుకొనలేదన్నది. అందుకే పంచాయతీరాజ్ కావలెనన్నది. ఇంకొక సంగతి కూడా ఉన్నది. భూమి ఉన్నవానికి బావి ఉపయోగం. భూమి లేనివానికి బావి తవ్విన కూలి మాత్రమే దక్కును.

దారి మళ్లినది 1990 దశాబ్దంలో. మళ్లించినవారు ఆడవాళ్లు. 1992లో మన పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినది. సారాకు పోయే డబ్బు ఇంట నిలిచినది గదా! రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలైనది. 1992లోనే నాబార్డు సంస్థ 500 పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం చేపట్టినది. 1995 తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారు అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సంఘాలను గ్రామస్థాయిలో, మండలస్థాయిలో కలిపి సమాఖ్యలుగా నడిపి చూశారు.

ఆ అనుభవం మీద 2000 సంవత్సరంలో 'వెలుగు' పథకం వచ్చినది. నడిపించడానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడినది. శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ అనే ఆరు జిల్లాలను మొదట తీసుకున్నారు. శ్రీకాళహస్తి అప్పుడు చిత్తూరు జిల్లాలోనిదే. 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఈ పథకానికి అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఇచ్చిన అప్పు 11 కోట్ల 10 లక్షల డాలర్లు. 2003లో తక్కిన జిల్లాలకోసం మరొక 15 కోట్ల డాలర్ల అప్పు వచ్చినది.

పని జరిగిన విధం ఏమంటే, మొదట ఊరివాళ్లే కూర్చుని ఎవరు నిరుపేదలో, ఎవరు పేదలో గుర్తించవలెను. పది పదిహేనుమంది స్త్రీలు ఒక సంఘం. సంఘాలన్నీ కలిసి గ్రామసమాఖ్య, దానిమీద మండల సమాఖ్య. పథకం సొమ్ము సమాఖ్యకు నిధిగా వస్తుంది. సభ్యురాలు పాడిగేదె కొనడానికో, తాకట్టు భూమి విడిపించుకోవడానికో అప్పు తీసుకుని మళ్లీ సమాఖ్యకే కట్టుతుంది. ఆ డబ్బు ఇంకొకరికి పోతుంది. 2004లో పావలా వడ్డీ వచ్చినది. సంఘం బ్యాంకు అప్పు గడువుకు కట్టితే, నూటికి నెలకు పావలా పోగా మిగిలిన వడ్డీ అప్పట్లో ప్రభుత్వం భరించేది. నూటికి ఏడాదికి మూడు రూపాయలన్నమాట! షావుకారు ఒక్క నెలకు అడిగేది అదే.

అయితే ముప్పావలా దారిలోనే ఎట్లా బరువెక్కినదో కూడా తెలుసుకోవలెను. 2005 వరకు ఇటువంటి విదేశీ సొమ్మును కేంద్రం రాష్ట్రాలకు నూటికి 70 పాళ్లు అప్పుగా, 30 పాళ్లు గ్రాంటుగా ఇచ్చేది. ఆ 70కి కేంద్రం తన సొంత రేటున వడ్డీ వసూలు చేసేది. ఆ తరువాత విదేశపు షరతులే రాష్ట్రానికి వర్తించేటట్టు మార్చారు. కాని అప్పు విదేశీ ద్రవ్యంలో తీర్చవలెను. 2000లో డాలరు సుమారు 44 రూపాయలు. 2022లో 80 దాటినది. వడ్డీ ముప్పావలాయే, అసలు మాత్రం రూపాయలలో పెరిగిపోయినది. అది మన పిల్లల కాలంలో కూడా తీరవలసిన అప్పు. కనుక ఊరికి వచ్చిన ప్రతి రూపాయి ఊరికే వచ్చినది కాదని గుర్తుంచుకోవలెను.

ఫలితం ఏమిటి? 2009లో వెలువడిన ఒక ప్రపంచబ్యాంకు పరిశీలన ఇట్లా తేల్చినది: పథకం నడిచిన ఊళ్లలో స్త్రీల మాటకు విలువ పెరిగినది, తిండి మెరుగైనది, కుటుంబపు ఖర్చు పెరిగినది, కాని అప్పటికి ఆదాయం, ఆస్తి పెరిగిన దాఖలా లేదు. అంటే కరువు నెలలలో పస్తు తప్పినదే గాని పేదరికం వేరు ఇంకా తెగలేదు. నిరుపేదల సంగతి ఇంకా కష్టం. మన ప్రాంతంలోని యానాది కుటుంబాలను చూడండి. రోజుకూలి దొరికిన నాడు తిండి, దొరకని నాడు లేదు. వారానికొకసారి పొదుపు కట్టలేనివారిని సంఘం ఎట్లా చేర్చుకుంటుంది? ఎవరికోసం పథకం పుట్టినదో వారే గడప బయట నిలిచిపోయే ప్రమాదం ఇక్కడ ఉన్నది.

రెండవ ప్రమాదం 2010లో బయటపడినది. సంఘాలు బాగా కట్టుతున్నాయని చూసి ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు ఊళ్లమీద పడ్డాయి. ఒకే స్త్రీకి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. వారం వారం వసూలు. ఒకరు కట్టకపోతే తక్కినవారిచేత ఒత్తిడి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, సంస్థలు జిల్లాలో నమోదు కావలెనని, వసూలు నెలకొకసారే జరగవలెనని, వడ్డీ అసలును మించరాదని విధించినది. ఊరి పొదుపు సంఘమూ, ఈ సంస్థ కట్టిన గుంపూ పైకి ఒకటిగానే కనిపించాయి. కాని ఒకదానిలో డబ్బు తమది, లెక్క తమది. రెండవదానిలో రెండూ పరాయివి.

2011లో కేంద్రం మన రాష్ట్రపు అనుభవాన్ని ఆధారం చేసుకుని జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఆరంభించినది. 2014లో మన దేశం ముప్పావలా అప్పు తీసుకునే బీదదేశాల వరుస దాటినదని లెక్కకట్టారు. ఇకమీద చవుక సొమ్ము తగ్గును. సంఘాల సొంత పొదుపే పెద్ద బలం కావలెను.

విస్తరణ కార్యకర్తలకు, సంఘపు పెద్దలకు ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. చవుక సొమ్ము కాలువ నీళ్ల వంటిది. తలకట్టు దగ్గర ఎంత వదిలారన్నది కాదు, చివరి కయ్యకు ఎంత చేరినదన్నది లెక్క. దారిలో ఇంకిపోకుండా నిలిపేది నెలనెలా అందరి ముందు చదివే లెక్కల పుస్తకం. అది చదవని సంఘంలో అప్పు ఎవరికి పోయినదో ఎవరికీ తెలియదు. అప్పు పుచ్చుకునేటప్పుడు వడ్డీ నెలకా, ఏడాదికా అని అడగండి. మీ ఊళ్లో సంఘంలో చేరనివారు ఎవరో పేర్లు రాసుకోండి. వారికి పొదుపు నియమం సడలించి, చీటీ చిన్నదిగా పెట్టి, ముందు వారిని లోపలికి పిలవండి. చివరి కయ్య తడిసిననాడే కాలువ పారినట్టు లెక్క.